ట్రిగ్గర్ చేపను కొనే ముందు దాని మూతి ఎటు చూస్తోందో చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: నాలుగడుగుల సముద్రపు నీటి ట్యాంకు, సుమారు 250 లీటర్లు, ఏడాదిగా సజావుగా నడుస్తోంది. అందులో ఒక క్లౌన్ ఫిష్ జంట, ఒక ఎల్లో ట్యాంగ్, రెండు క్లీనర్ రొయ్యలు, కొన్ని సాఫ్ట్ కోరల్స్ (మెత్తని పగడపు జీవాలు) ఉన్నాయి. షాపులో రెండంగుళాల క్లౌన్ ట్రిగ్గర్ (క్లౌన్ ఫిష్ కాదు, ట్రిగ్గర్ చేపల్లో ఒక రకం) పిల్ల కనబడింది, మనసు పారేసుకున్నారు. "చిన్నప్పటి నుంచీ వీటి మధ్యే పెరిగితే అలవాటు పడిపోతుంది కదా, పెద్దయ్యాక ట్యాంకు మారుస్తాను" అన్నది మీ ఆలోచన.

సూటిగా చెప్పేస్తాను. ఆ ట్యాంకులో క్లౌన్ ట్రిగ్గర్ వద్దండీ. రెండంగుళాలదైతే మరీ వద్దు. ట్రిగ్గర్ పెంచాలనే కోరిక నిజంగా ఉంటే ముందు ఆరడుగుల ట్యాంకు కట్టించుకోండి, అందులోకి బ్లూ థ్రోట్ ట్రిగ్గర్ తెచ్చుకోండి. రొయ్యలనీ కోరల్స్‌నీ వదులుకోకుండా పెంచుకోగల ట్రిగ్గర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, వాటిలో సులువైనది అదే. పెద్ద ట్యాంకుకు ఇప్పుడు వీలు లేదంటే, మీ నాలుగడుగుల దాంట్లో శాశ్వతంగా ఉండగలిగే ట్రిగ్గర్ ఒక్కటి కూడా లేదు. చేదుగా ఉన్నా అంతే. ఆ మాటకొస్తే ఎల్లో ట్యాంగుకే మీ ట్యాంకు ఇరుకు.

ఇప్పుడు కారణాలు. నేను పద్నాలుగేళ్లుగా ఉప్పునీటి ట్యాంకులు నడుపుతున్నాను. ఐదు రకాల ట్రిగ్గర్లను పెంచాను, వాటిలో రెండింటిని పెంచకుండా ఉండాల్సింది. కాబట్టి కింద రాసేది చాలావరకు నా సొంత తప్పుల చిట్టా.

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం కదా, మీ ఆలోచన ఆ సామెత మీదే నిలబడింది. ట్రిగ్గర్ల దగ్గర అది తిరగబడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఎంతైనా వంగుతుంది, ఎవరి జోలికీ పోదు, రాళ్ల మధ్య నక్కి బిక్కుబిక్కుమంటూ చూస్తుంది. అసలు స్వభావం బయటపడేది పెద్దయ్యాకే. నేను ఎనిమిది సెంటీమీటర్ల క్లౌన్ ట్రిగ్గర్‌ను ఆరడుగుల ట్యాంకులో ఒక లయన్ ఫిష్‌తో, ఒక ముళ్ల పఫర్‌తో కలిపి పెట్టాను. ఏడాదిన్నర పాటు మూడూ ఒకే మూలన నిలబడి మేతకు ఎదురుచూసేవి. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ "చూశారా, పెంపకంలో ఉంది అంతా" అని గొప్పలు చెప్పుకున్నాను. అది 17 సెంటీమీటర్లు దాటిన కొన్నాళ్లకు ఒక ఉదయం లైటు వేసేసరికి లయన్ ఫిష్ రెక్కలు సగం లేవు. దాన్ని వేరే ట్యాంకులోకి తీశాను కానీ బతకలేదు. సరిగ్గా మూడు వారాలకు పఫర్ కన్ను పోయింది. ఆ తర్వాత ఆ క్లౌన్ ట్రిగ్గర్ ఆరేళ్ల పాటు ఒంటరిగా రాజ్యమేలింది. అందంలో దానికి సాటి లేదు, నిజమే. కానీ ఒక్క చేప కోసం అంత ట్యాంకు నడుపుతున్నానని ఇంట్లో ఎవరికీ సమాధానం చెప్పలేకపోయేవాణ్ణి.

ఇది దాని దుర్మార్గం కాదు. సముద్రంలో క్లౌన్ ట్రిగ్గర్ 50 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రీఫ్ (పగడపు దిబ్బ) వాలు మీద చాలా విశాలమైన చోటును తనదిగా చూసుకుంటూ తిరుగుతుంది. మనం దానికి ఇచ్చేది ఆరడుగులు. అందులో కనబడే ప్రతి చేపా దాని లెక్కలో ఇంట్లోకి చొరబడిన మనిషే.

మరి బ్లూ థ్రోట్ మాత్రం ఎందుకు నెమ్మది? ఇక్కడే అసలు సంగతి ఉంది. ట్రిగ్గర్‌ను ఎంచుకునేటప్పుడు రంగు కాదు, మూతి చూడాలి. ఈ కుటుంబంలో సుమారు 40 జాతులున్నాయి. వాటిని పెంచేవాళ్లు లెక్కలోకి తీసుకోవాల్సినవి రెండు గుంపులే: నేల మీద ఏరుకు తినేవి, నీటి మధ్యలో తేలుతూ తినేవి.

నేల మీద తినేవాటి మొహం పొడుగ్గా ఉంటుంది, నోరు కొసన చిన్నగా ఉంటుంది, కళ్లు బాగా వెనక్కి, పైకి ఉంటాయి. సీ అర్చిన్ లాంటి ముళ్ల జీవిని కొరికేటప్పుడు ముళ్లు కంట్లో గుచ్చుకోకుండా ఆ దూరం కాపాడుతుంది. అవి నోటితో నీళ్లు పిచికారీలా కొట్టి అర్చిన్‌ను వెల్లకిలా తిప్పుతాయి, ముళ్లు తక్కువగా ఉండే అడుగు వైపు నుంచి తింటాయి. ఇసుకలో దాక్కున్న గుల్లలను కూడా అలాగే నీళ్లు ఊది బయటపెడతాయి. పై దవడ బయటి వరుసలో ఎనిమిది పళ్లు, కింది దవడలో ఎనిమిది, పై దవడ లోపల ఇంకో వరుస. పీత డొప్పను పటుక్కుమనిపించే సరంజామా అది. అలాంటి చేప ముందు క్లీనర్ రొయ్యను పెట్టి "ఇది శుభ్రం చేసేది, తినకు" అంటే వింటుందా? క్లౌన్ ట్రిగ్గర్, పికాసో, అన్‌డ్యులేటెడ్, టైటన్ అన్నీ ఈ గుంపే.

రెండో గుంపు మూతి కొంచెం పైకి తిరిగి ఉంటుంది, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఇవి రీఫ్ అంచున ప్రవాహంలో తేలుతూ, కొట్టుకొచ్చే ప్లాంక్టన్‌ను (నీళ్లలో తేలే చిన్న జీవుల్ని) ఏరుకుంటాయి. బ్లూ థ్రోట్, క్రాస్‌హ్యాచ్, సర్గాసమ్ ట్రిగ్గర్ అనే మూడూ దగ్గరి చుట్టాలు, ఈ గుంపులోవే. నైగర్ ట్రిగ్గర్ కూడా తిండి విషయంలో చాలావరకు వీటి కోవే. తిండి నీటి మధ్యలో దొరుకుతుంది కాబట్టి నేల మీద ఉన్నవాటితో పేచీ తక్కువ. కోరల్ కొరకవు. రొయ్యలు ముందే స్థిరపడి ఉంటే చాలాసార్లు వాటి జోలికి పోవు. "చాలాసార్లు" అనే అంటున్నాను, "ఎప్పుడూ" అనడం లేదు. దవడలు ఎంతైనా ట్రిగ్గర్ దవడలే.

షాపులో పేర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఒక రకం పేరుతో ఇంకో రకం అమ్మడం మామూలే. పక్క నుంచి నిలబడి మూతి చూడండి.

ఒక్కో రకం గురించి నా అభిప్రాయం చెబుతాను.

బ్లూ థ్రోట్. సాధారణంగా 20 సెం.మీ. పైచిలుకు దగ్గర ఆగుతుంది. మగదానికి గొంతు కింద నీలం మచ్చ, రెక్కల అంచున పసుపు ఉంటాయి, ఆడది బూడిద రంగులో సాదాగా ఉంటుంది. ట్రిగ్గర్లలో జంటగా పెట్టుకోగలిగినవి అరుదు, వీటిని పెట్టుకోవచ్చు. నేను ముందు ఆడదాన్ని వేసి నెల తర్వాత మగదాన్ని వేశాను, ఒక్క రోజు వెంటపడటంతో సరిపోయింది. రెండు మగవాటిని మాత్రం కలపొద్దు. నా జంట రెండు క్లీనర్ రొయ్యలతో నాలుగేళ్లకు పైగా ఉంది. కానీ ఆ ట్యాంకులో కొత్తగా వేసిన చిన్న పెప్పర్మింట్ రొయ్యలు నాలుగు రెండు రోజుల్లో కనబడకుండా పోయాయి. పాతవాటిని ఇంటివాళ్లుగా లెక్కేసింది, కొత్తగా పైనుంచి పడ్డవాటిని మేత అనుకుంది. అందుకే మీరు ట్రిగ్గర్ వచ్చాక రొయ్యల్ని కొనే ఆలోచన పెట్టుకోవద్దు.

నైగర్. దీన్ని నల్లది అంటారు గానీ వెలుతురులో నీలం, ఊదా, ఒక్కోసారి ఆకుపచ్చ. పళ్లు ఎర్రగా ఉంటాయి, మొదటిసారి చూసినవాళ్లు నోట్లో రక్తం అనుకుంటారు. తోక చివర్లు పొడుగ్గా సాగి, ఈదుతుంటే జెండాలా ఊగుతాయి. సముద్రంలో 50 సెం.మీ. దాకా పెరుగుతుందంటారు, ఇళ్లలో నేను చూసినవి 30 దాటలేదు. గుణం మధ్యస్తం. చిన్న చేపలను తరమదు కానీ పీతల్ని, నత్తల్ని వదలదు. పెద్దయ్యాక ఈతకు చోటు బాగా కావాలి, ఏడెనిమిది అడుగుల ట్యాంకు ఉంటే తప్ప నేను సలహా ఇవ్వను.

పికాసో. నాకు మొదటి ట్రిగ్గర్ ఇదే, ఇప్పటికీ మనసు దీని మీదే ఉంటుంది. పాతిక సెంటీమీటర్ల దాకా వస్తుంది. దీని దగ్గరి బంధువు ఒకటి హవాయి రాష్ట్ర చేప, స్థానిక భాషలో పేరు హుముహుమునుకునుకుఆపువఆ. పంది మూతి లాంటి మూతి ఉన్న ట్రిగ్గర్ అని అర్థం. చూశారా, వాళ్లూ మూతే చూశారు! పికాసో తెలివైంది. రంగుల్ని ఎలా గుర్తిస్తుందో తెలుసుకునే పరిశోధనల్లో సరైన రంగును మూతితో పొడవడం నేర్పి దీన్ని వాడతారు. నా చేప మేత డబ్బా రంగును గుర్తుపట్టేది, వేరే డబ్బా చూపిస్తే కదిలేది కాదు. కోరల్ తినే అలవాటు దీనికి తక్కువ, కానీ రాళ్లు దొర్లించి కోరల్‌ను కింద పడేస్తుంది, ఇసుక ఊది కప్పేస్తుంది. రొయ్యలు, పీతలు, నత్తలు ఉన్న ట్యాంకుకు ఇది పనికిరాదు. పెద్ద ఏంజెల్ చేపలు, ట్యాంగులు ఉన్న చేపల ట్యాంకైతే ఆరడుగుల్లో చక్కగా ఉంటుంది.

పింక్ టెయిల్ కూడా మోటు చేపల మధ్య బాగానే సర్దుకుంటుందని పెంచినవాళ్లు చెబుతారు, నేను పెంచలేదు. అన్‌డ్యులేటెడ్ మాత్రం కొనొద్దు. ముప్ఫై సెంటీమీటర్ల చేపే, కానీ అంత పొగరు ఇంకే ట్రిగ్గర్‌లోనూ చూడలేదు. నా రెండో తప్పు అదే. ట్యాంకులో ఇంకేదీ మిగలని రోజు అద్దం అవతల ఉన్న నా మీదికి వచ్చేది. టైటన్ 75 సెం.మీ. పెరిగే చేప, ఇళ్లకు సంబంధించిందే కాదు. గూడు కాపలా కాసే రోజుల్లో అది డైవర్లను కూడా తరిమి కరుస్తుంది. గూటి నుంచి పైకి గరాటులా విచ్చుకునే నీరంతా దాని హద్దే, అందుకే దాన్నుంచి పైకి కాకుండా పక్కకు ఈది తప్పించుకోమని డైవర్లకు చెబుతారు.

ఇక మీరు చూసిన రెండంగుళాల పిల్ల సంగతి. ఐదు సెంటీమీటర్ల క్లౌన్ ట్రిగ్గర్ పిల్లలు ప్రయాణంలోనే చాలా నీరసపడతాయి. ఒంట్లో నిల్వ ఉండదు, రెండు మూడు రోజులు తినకపోతే పొట్ట లోపలికి పోతుంది, ఇక కోలుకోవు. బాగా పెద్దవి కొత్త చోట తిండి మానేస్తాయి. ఏ ట్రిగ్గరైనా 8 నుంచి 12 సెం.మీ. మధ్య ఉన్నది కొనడం మంచిది. కొనే ముందు మీ కళ్ల ముందు మేత వేయించండి. ట్రిగ్గర్ తినకపోతే ఏదో తేడా ఉన్నట్టే. ఎదురుగా నిలబడి చూస్తే పొట్ట, వీపు రెండూ నిండుగా ఉండాలి. కళ్లు ఒక్కోటి ఒక్కో వైపు తిరుగుతూ మిమ్మల్ని గమనిస్తుండాలి. ఆ చూపు లేని ట్రిగ్గర్‌ను నేనైతే తీసుకోను.

ట్యాంకు, నీళ్లు. బ్లూ థ్రోట్ లేదా పికాసోకు 6×2×2 అడుగులు, అంటే 680 లీటర్ల దగ్గర. లీటర్ల కంటే పొడవు ముఖ్యం, ఎత్తు వల్ల వాటికి ఒరిగేదేమీ లేదు. క్లౌన్ ట్రిగ్గర్ పూర్తిగా పెరిగాక ఎనిమిదడుగులకు పైనే కావాలి, వెయ్యి లీటర్లు దాటాలి. ఉప్పు స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోలిస్తే నీటి సాంద్రత) లెక్కలో 1.023 నుంచి 1.025, వేడి 24 నుంచి 27 డిగ్రీలు. ఈ విషయంలో ట్రిగ్గర్లు మొండివి, అటూ ఇటూ అయినా తట్టుకుంటాయి. తట్టుకోనిది మురికి. నమిలి ఉమ్మే చేపలివి. ముక్క నోట్లో వేసుకుని నాలుగు తుంపులు చేసి, రెండు మింగి, రెండు మొప్పల నుంచి వదిలేస్తాయి. ఆ రెండూ కుళ్లి, నీటిని పాడుచేసే నైట్రేట్ అవుతాయి. స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే పరికరం) మీ ట్యాంకుకు రెట్టింపు సైజుకు సరిపోయేది పెట్టండి, రెండు వారాలకోసారి 15 నుంచి 20 శాతం నీళ్లు మార్చండి. ఇంతకంటే దీని గురించి చెప్పేదేమీ లేదు, ఏడాది నడిపారు కాబట్టి మిగతాది మీకు తెలుసు.

రాళ్లు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. లైవ్ రాక్‌ను (మేలు చేసే సూక్ష్మజీవులు పట్టిన రాళ్లను) ఇసుక మీద పేర్చొద్దు. ముందు రాళ్లను అడుగు అద్దం మీద నిలబెట్టి తర్వాత ఇసుక పోయండి. ఇసుక మీద పెడితే కింద తవ్వేస్తుంది, ఒక రోజు గుట్ట మొత్తం అద్దానికి తగులుతుంది. రాళ్లను ఒకదానికొకటి సిమెంటుతోనో ఎపాక్సీతోనో అతికించండి. పూర్తిగా పెరిగిన చేప పట్టే వెడల్పున రెండు మూడు గుహలు వదలండి. పడుకోవడానికి గుహ లేని ట్రిగ్గర్ రోజంతా చిరాగ్గా ఉంటుంది.

కరెంటు సామాను. నా పికాసో గాజు హీటర్‌ను కొరికింది. పగిలింది కానీ అదృష్టం, లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకర్ ఉండబట్టి కరెంటు పోయింది, చేపలు బతికాయి, మరుసటి ఉదయం నీళ్లలో చెయ్యి పెట్టిన నేనూ బతికాను. హీటర్ సంప్‌లోనే (ట్యాంకుకు విడిగా, ఫిల్టర్ సామాను పెట్టే తొట్టిలోనే) ఉండాలి. సంప్ లేకపోతే ప్లాస్టిక్ తొడుగున్న టైటానియం హీటర్ పెట్టండి. లీకేజీ బ్రేకర్ లేకుండా ట్రిగ్గర్ ట్యాంకు నడపొద్దు. పంపుల వైర్లు నీళ్లలో వేలాడకుండా మూలకు బిగించండి, ఎయిర్ ట్యూబ్ కనబడితే కొరుకుతుంది. మూత తప్పనిసరి. దూకుతాయి. మేత ఆలస్యమైతే నీళ్లు ఉమ్ముతాయి కూడా, నా లైటు ఒకటి అలాగే పోయింది. అది తప్పు నాది, నీటికి జానెడు ఎత్తులో వేలాడదీశాను.

మేత. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ. ఇష్టంగా తింటోంది కదా అని ఒకే రకం క్రిల్లో, ఒకే రకం రొయ్యలో నెలల తరబడి వేస్తారు. పచ్చి రొయ్యలు, కొన్ని గుల్లలు, కొన్ని చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. ఫలితం నెలల తర్వాత కనబడుతుంది: తిండి మీద ఆసక్తి పోవడం, ఈతలో తూలడం. కాబట్టి మార్చి మార్చి వేయండి. మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు), స్క్విడ్, ఆల్చిప్పల మాంసం, పెంకుతో ఉన్న రొయ్య ముక్క, మంచి పెల్లెట్లు, కొంచెం నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ఆకు. వారానికి రెండుసార్లు ముక్కల్ని విటమిన్ ద్రవంలో నానబెట్టి వేయండి. మంచినీటి గోల్డ్ ఫిష్ పిల్లల్ని సరదా కోసం వేయడం మానండి, అవి సముద్రపు చేపలకు సరిపడే కొవ్వులు ఉన్నవి కావు, పైగా రోగాలు తెస్తాయి.

నేల మీద తినే రకాలకు గట్టి పెంకులు వారానికి మూడుసార్లయినా పడాలి. ట్రిగ్గర్ పళ్లు పెరుగుతూనే ఉంటాయి, అరగడానికి పని కావాలి. చెంచాతో తీసిపెట్టిన మెత్తని మేతే తింటూ పెరిగిన ఒక పికాసోను నాకు తెలిసినవారు తీసుకొచ్చారు, పళ్లు పెరిగి నోరు మూసుకోలేకపోయేది. పగలగొట్టని ఆల్చిప్పలు, పీత కాళ్లు వేయడం మొదలుపెడితే రెండు నెలలకు కాస్త దారికొచ్చింది. బ్లూ థ్రోట్ లాంటివాటికి ఇంత గట్టివి అక్కర్లేదు. వాటికి కావాల్సింది కొంచెం కొంచెంగా రోజుకు రెండు మూడుసార్లు, పంపు ప్రవాహంలో తేలుతూ వచ్చే మేత. పెరిగిన పికాసోకు రోజుకొకసారి చాలు. ఎంత పెట్టినా ఆకలిగా ఉన్నట్టే చూస్తుంది, ఆ చూపుకు కరిగిపోకండి.

వేళ్లతో మేత పెట్టకండి. పొడవాటి చిమ్టా వాడండి. మచ్చికైన చేపే కరుస్తుంది, ఎందుకంటే మచ్చికైందే చేతి దగ్గరకొస్తుంది. నా ఎడమ చూపుడువేలు చివర ఇప్పటికీ చిన్న గుంట ఉంది.

వలతో పట్టొద్దు. వీపు మీద మొదటి ముల్లు నిలబడితే దాని వెనకున్న చిన్న రెండో ముల్లు గడియలా అడ్డం పడుతుంది, ఇక మొదటిదాన్ని ఎంత నొక్కినా దిగదు. రెండోదాన్ని నొక్కితేనే దిగుతుంది, తుపాకీ ట్రిగ్గర్ లాగా. పేరు అందుకే వచ్చింది. వలలో ఆ ముల్లు చిక్కుకుంటే విడిపించేసరికి చేప రెక్కలు చిరుగుతాయి, మన ఓపికా చిరుగుతుంది. ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి పట్టండి. రాతి సందులో దూరి ముల్లు బిగించుకుంటే లాగకండి, లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఆ రాయిని చేపతో సహా తీసి బకెట్లో పెట్టి కాసేపు వదిలేయండి, తనే వస్తుంది. బయటికి తీసినప్పుడు గుర్రుగుర్రుమని శబ్దం చేస్తే భయపడకండి, అది దాని అరుపు.

క్వారంటైన్ ఎగ్గొట్టొద్దు. నెల రోజులు వేరే ట్యాంకులో, అడుగున ఏమీ లేకుండా, పడుకోవడానికి లావు పీవీసీ పైపు ముక్కతో. తెల్లమచ్చల రోగానికి ట్రిగ్గర్లు కాపర్ మందును బాగానే తట్టుకుంటాయి, కానీ టెస్ట్ కిట్‌తో రోజూ కొలుస్తూ వాడాలి. మీ పెద్ద ట్యాంకులో మాత్రం కాపర్ చుక్క కూడా పడకూడదు. రొయ్యలు, కోరల్స్ చచ్చిపోతాయి, రాళ్లు దాన్ని పీల్చుకుని తర్వాత వదులుతుంటాయి. ఒకవేళ రోగం పెద్ద ట్యాంకులోకే వచ్చిందా, చేపలన్నిటినీ బయటికి తీసి రెండున్నర నెలలు దాన్ని చేపల్లేకుండా నడపాలి. అప్పుడు నెల రోజుల క్వారంటైన్ ఎంత చవకో తెలుస్తుంది.

మీరు ఆరడుగుల ట్యాంకు కట్టించారనుకుందాం. ముందు రొయ్యలు, క్లౌన్ ఫిష్ జంట, ట్యాంగ్ వెళ్తాయి. రెండు నెలలు వాటికి చోటు అలవాటు కానివ్వండి. అన్నిటికంటే చివర ట్రిగ్గర్. నేరుగా వదలకండి. రంధ్రాలున్న పారదర్శకపు డబ్బాలో పెట్టి ట్యాంకులోనే నాలుగైదు రోజులు వేలాడదీయండి, డబ్బాలోనే మేత పెట్టండి. ట్యాంగ్ మొదటి రెండు రోజులు డబ్బా చుట్టూ తోక ఝాడిస్తూ తిరుగుతుంది, తర్వాత విసిగి మానేస్తుంది. అది మానేసిన రోజు సాయంత్రం, లైట్లు తగ్గాక మూత తీయండి. రొయ్యలకు ఆ పూట ముందే మేత పెట్టి రాళ్ల వెనక ఉండేలా చూసుకోండి.

మొదటి రాత్రి గురించి ఒక మాట. నైగర్ కొన్న ఒకాయన రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశారు, చేప చచ్చిపోయిందండీ, రాతి సందులో పక్కకు పడి ఉంది, తోక మాత్రం బయటికి కనబడుతోంది, రంగు కూడా పోయింది అని. తీసి పారేద్దామని చిమ్టా పట్టుకుని నిలబడ్డారట. టెన్షన్ పడకండి, మొప్పలు ఆడుతున్నాయేమో టార్చి వేసి చూడండి అన్నాను. ఆడుతున్నాయి. ట్రిగ్గర్లు పక్కకు పడుకుంటాయి, తల లోపల పెట్టి ముల్లు బిగించుకుంటాయి, నిద్రలో రంగు వెలిసిపోతుంది. పొద్దున లైటు వేసేసరికి అద్దం దగ్గర మేత కోసం నిలబడి ఉందని మళ్లీ ఫోన్ చేశారు. మీకూ అలా కనబడితే టార్చి వేసి మొప్పలు చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి.